పాల్ సైమన్ ‘సెవెన్ సామ్స్’ – నిజంగా బాగుందా, పెద్దాయన కదా అని మెచ్చుకుంటున్నామా?

మూలాపేట_రేడియో
అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ ఆల్బం ‘సెవెన్ సామ్స్’ (ఏడు కీర్తనలు) విన్నవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 2023 మేలో వచ్చింది, నేను ఇన్నాళ్ళూ పక్కన పెట్టి ఈ మధ్యే పట్టుబట్టి విన్నా. 33 నిమిషాలు, ఒకటే ట్రాక్. ఏడు భాగాలు, ఏడు పేర్లు ఉన్నాయంటారు గానీ మూడోదానికి పోదామంటే యాప్‌లో పోలేం. డ్రమ్స్ లేవు. మళ్ళీ మళ్ళీ పాడుకునే పల్లవి లేదు. అయిపోయాక నోట్లో ఆడే ముక్క ఒక్కటి మిగల్లేదు. ఈయన పాత ఆల్బం ‘గ్రేస్‌ల్యాండ్’ క్యాసెట్ రీలు చుట్టుకుపోతే పెన్సిలు పెట్టి తిప్పుకుని మరీ విన్నవాణ్ణి, ఆ మనిషేనా ఈయన అనిపించింది. గొంతు బాగా సన్నబడింది. రివ్యూలు చూస్తే అందరూ దణ్ణాలు పెడుతున్నారు. 81 ఏళ్ళ వయసులో చేశాడని గౌరవమా, లేకపోతే నాకు వినపడనిది ఏదన్నా ఉందా? నాకు మాత్రం ఇంట్లో పెద్దాయన లోపలి గదిలో తనలో తాను మాట్లాడుకుంటుంటే గడప దగ్గర నిలబడి విన్నట్టుంది.

దర్గామిట్ట_స్పీకర్
కరెక్టుగా చెప్పావన్నా. నేను సగంలో ఆపేశా. బోరు.

కావలి_లైబ్రరీ
సగంలో ఆపేసి బోరు అంటే ఎట్టా? ఆయన దీన్ని కావాలనే ఒకటే ట్రాక్‌గా పెట్టాడు, మొదటి నుంచి చివరిదాకా ఒక్క కూర్చోడంలో వినాలని. దీని వెనక సంగతి తెలిస్తే కొంచెం ఓపిక వస్తుందేమో. 2018 సెప్టెంబరులో న్యూయార్క్‌లో తను పెరిగిన క్వీన్స్‌లోనే ఆఖరి కచేరీ చేసి టూర్లకి సెలవు చెప్పేశాడు. ఇంక కొత్త పాటలు రాసే పని కూడా లేదనుకున్న మనిషికి 2019 జనవరి 15 రాత్రి ఒక కల వచ్చింది, నువ్వు ‘సెవెన్ సామ్స్’ అనే రచన మీద పనిచేస్తున్నావు అని. లేచి ఆ మాట రాసిపెట్టుకున్నాడు. ముందు గిటారు ముక్కలు వచ్చాయి. తర్వాత వారంలో కొన్ని రోజులు తెల్లవారుజామున మూడున్నరకీ అయిదుకీ మధ్య మెలకువ వచ్చి మాటలు వచ్చేవట. టెక్సస్‌లో తన ఇంటి దగ్గరే రికార్డు చేశాడు. అలెక్స్ గిబ్నీ తీసిన డాక్యుమెంటరీలో ఆ పని జరుగుతున్నప్పటి దృశ్యాలు ఉన్నాయి, అది చూసి ఆల్బం వినండి.

మైపాడు_అల
మూడున్నరకి మా తాత కూడా లేస్తాడు. కల రాదు, గేదె పిలుస్తుంది 😀

గూడూరు_జంక్షన్
కల కథ బాగానే ఉంది గానీ కావలి అన్నా, కథని బట్టి పాట బాగుండదు కదా. డాక్యుమెంటరీ చూస్తే తప్ప అర్థం కాని ఆల్బం అయితే అది ఆల్బం తప్పే. కెనడా గాయకుడు లెనార్డ్ కోహెన్ కూడా 82 ఏళ్ళకి, బతికుండగా తన ఆఖరి ఆల్బం చేశాడు, 2016 అక్టోబరులో విడుదలైంది, నవంబరులో ఆయన పోయాడు. దానికి ఏ కథా చెప్పక్కర్లేదు, మొదటి పాటకే ఒళ్ళు జలదరిస్తుంది. పాటలు విడివిడిగా ఉన్నాయి, ట్యూన్లు ఉన్నాయి, దేవుడితో గొడవ కూడా ఉంది. నా ఓటు కోహెన్‌కే.

ఒంగోలు_ఆల్టో
నేను చర్చి క్వయర్‌లో పాడతాను, చిన్నప్పటి నుంచి కీర్తనల గ్రంథం చదువుతూ పెరిగినదాన్ని, అందుకని ఇంకో వైపు నుంచి చెప్తాను. పేరు చూసి బైబిల్లో 150 కీర్తనల్లో ఏడింటిని తీసుకుని పాడాడేమో అనుకున్నా. అసలు కాదు, మాటలన్నీ ఆయనవే. పైగా ఆయన యూదుడు, భక్తి పాటల గాయకుడు ఏమీ కాదు. కానీ రాసిన పద్ధతి మాత్రం కీర్తనలదే. 18వ కీర్తనలో దావీదు ‘యెహోవా నా శైలము, నా కోట’ అని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతాడు చూడండి. ఈయన కూడా ‘ద లార్డ్’ అనే మొదటి భాగంలో అదే చేశాడు. దేవుడు తన ఇంజనీరు అంటాడు, అడవి అంటాడు, ఆ అడవికి కాపలావాడు కూడా ఆయనే అంటాడు, పేదలందరిలోకీ పేదవాడికి భోజనం అంటాడు, కొత్తవాడు వస్తే తెరుచుకునే తలుపు అంటాడు. అంతా చల్లగా వెళ్తుంటే ఉన్నట్టుండి కోవిడ్ వైరస్ కూడా దేవుడే, పొంగే సముద్రం కూడా దేవుడే అంటాడు. ఆ లైను దగ్గర నేను ఉలిక్కిపడ్డా. ఈ భాగం మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తుంది. రేడియో గారు పల్లవి లేదన్నారు కదా, నాకైతే పల్లవి అదే. ఒక చోట ఉండాల్సింది మొత్తం 33 నిమిషాల్లో పరిచి పెట్టాడు, అంతే.

సోమశిల_గేట్లు
ఆ కోవిడ్ లైను దగ్గరే నేను ఆపేశా. మళ్ళీ పెట్టలేదు. మా నాన్న 2021 మేలో పోయారు. మంచం దొరకడానికి ఒక రాత్రంతా ఆటోలో తిరిగాం, తెల్లారేసరికి దొరికింది, సాయంత్రానికి ఆయన లేరు. అమెరికాలో ఇంటి స్టూడియోలో కూర్చుని గిటారు వాయిస్తూ ఆ వైరస్ దేవుడే అని ఎవరైనా పాడితే నాకు వినబుద్ధి కాదు. అది గొప్ప కవిత్వమే కావచ్చు. నాకు వద్దు.

మూలాపేట_రేడియో
సోమశిల తమ్ముడూ, నువ్వు వినకపోతే తప్పేం లేదు.

కరవది_సన్నాయి
తమ్ముడూ, నిన్ను ఒప్పించాలని చెప్పట్లేదు. ఆ లైను ఓదార్పు కోసం రాసింది కాదని మాత్రం నాకు అనిపిస్తుంది. మన ఇళ్ళల్లో ఘంటసాల భగవద్గీత విననివాళ్ళు ఎవరు? అందులో పదకొండో అధ్యాయంలో ‘కాలోస్మి లోకక్షయకృత్’ వస్తుంది, లోకాన్ని చంపేది కూడా నేనే అని కృష్ణుడే చెప్తాడు. అది వింటే ఎవరికీ హాయి ఉండదు, అర్జునుడే వణికిపోయాడు. సైమన్ కూడా అక్కడ భయపడే పాడుతున్నాడు, మెచ్చుకుంటూ కాదు. గొంతు గమనించు, ఆ మాట దగ్గర ఒత్తి పలకడు, జారవిడుస్తాడు.

ఇంక రేడియో గారి అసలు ఫిర్యాదుకి వస్తా. ఘంటసాల గీత పెట్టినప్పుడు మనం తరవాతి ట్రాకుకి పోదామని చూస్తామా? సుప్రభాతం మధ్యలో నుంచి పెడతామా? అలా కూర్చుని వినడం మనకి కొత్త కాదు. సినిమా పాట పొడుగుతో కొలిస్తే ఇది ఎక్కడా ఆగదు, అదే ఇబ్బంది. నా చెవికి ఇది రాగమాలికలా వినపడింది. మొదట్లో గంటల్లాంటి నాదం, దాని మీద గిటారు ఒక చిన్న సంగతి (స్వరాల ముక్క) వేస్తుంది. ఆ సంగతిని పట్టుకోండి. భాగం మారే చోటల్లా అదే కొంచెం వేషం మార్చుకుని వస్తుంది. డ్రమ్స్ లేవన్నారు. బ్రెజిల్ వెళ్ళి ఓలోడుమ్ అనే డప్పుల బృందంతో తన 1990 ఆల్బం మొదలుపెట్టిన మనిషి, తాళం అంటే ఏంటో తెలియక వదిలేశాడా? ఇందులో లయ మొత్తం కుడిచేతి బొటనవేలిలో ఉంది, గిటారు మంద్ర తీగలు (లావు నాదం ఇచ్చేవి) వినండి.

దర్గామిట్ట_స్పీకర్
ఫోను స్పీకర్లో మంద్ర తీగలు ఎక్కడ వినపడతాయన్నా

కరవది_సన్నాయి
అందుకే నీకు బోరు కొట్టింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకో.

టంగుటూరు_హైవే
నేను దీన్ని కార్లో విన్నా. రాత్రి ఒంగోలు బైపాస్ ఎక్కినప్పుడు పెట్టా, సింగరాయకొండ దాటే ముందు అయిపోయింది. హైవే మీద ఖాళీగా ఉంటే ఇంతకు మించిన ఆల్బం లేదు. ఒకటే మాట, టోల్ గేటు దగ్గర అద్దం దించినప్పుడు ‘మై ప్రొఫెషనల్ ఒపీనియన్’ నడుస్తా ఉంది. అందులో రెండు ఆవులు మాట్లాడుకుంటాయి, ఒకదాన్ని ఇంకోటి ఏదో మాట అంటుంది, దేశంలో ఆవులన్నీ దానికి బాధ్యత వహించాలని ఈయన తీర్పు చెప్తాడు. ఒంగోలు గిత్తల గడ్డ మీద ఆవుల పంచాయితీ వింటా టోల్ కట్టా. నవ్వాగలేదు.

మైపాడు_అల
మన గిత్తలు బ్రెజిల్ దాకా పోయాయి, ఈయనా బ్రెజిల్ పోయాడు. అక్కడే విన్నాడేమో ఆ మాటలు 😂

ఒంగోలు_ఆల్టో
అది నవ్వించే భాగమే, బ్లూస్ నడకలో ఉంటుంది. కానీ నాకు అది ఈ రోజుల్లో జరిగే తిట్ల గురించి అనిపించింది. ఒకరు ఒకర్ని ఏదో అంటే మొత్తం జాతిని పట్టుకుని తిట్టే పద్ధతి. మధ్యలో అది లేకపోతే మిగతాదంతా మరీ బరువైపోయేది. ఎక్కడ ఊపిరి తీసుకోనివ్వాలో ఆయనకి బాగా తెలుసు.

కందుకూరు_వినరా
నేను ఇరవైల్లో ఉన్నా. ఈయన పాతవి ఏవీ తెలియవు, సైమన్ అండ్ గార్ఫంకెల్ అనే జోడీ పేరు మాత్రం విన్నా. ముందే చెప్తున్నా, నాకు ఇది చాలా నచ్చింది. పాత వాటితో పోల్చడానికి నా దగ్గర ఏమీ లేదు కాబట్టేమో. హాస్టల్లో లైట్లు తీసేశాక విన్నా. చివరి భాగం ‘వెయిట్’ వచ్చేసరికి లేచి కూర్చున్నా. ఆగు, నేనింకా సిద్ధంగా లేను, సామాను సర్దుకుంటున్నా, చెయ్యి వణకట్లేదు, బుర్ర ఇంకా పనిచేస్తోంది అంటాడు. చావుతో అంత మామూలుగా మాట్లాడటం నేను ఎక్కడా వినలేదు. తర్వాత ఒక ఆడగొంతు వచ్చి కలుస్తుంది, అది ఎవరు?

కావలి_లైబ్రరీ
ఆయన భార్య, ఈడీ బ్రికెల్. ఆమె కూడా సొంతంగా పాటలు రాసి పాడే మనిషే, 80ల చివర్లో ఆమె బ్యాండుకి మంచి పేరు. 1992లో పెళ్ళి చేసుకున్నారు. కోరస్‌లా వినపడేది వోసెస్ 8 అనే ఇంగ్లండ్ గాయక బృందం.

ఒంగోలు_ఆల్టో
వోసెస్ 8 వాళ్ళ మీద నాకు ఒక మాట ఉంది. వాళ్ళకి వాద్యం లేకుండా పాడటం అలవాటు, శ్రుతి కత్తిలా ఉంటుంది. అంత శుభ్రమైన గొంతుల పక్కన 81 ఏళ్ళ గొంతు పెట్టడం ధైర్యమే. క్వయర్‌లో మేమైతే పెద్దవాళ్ళ గొంతు సన్నబడితే పక్కవాళ్ళు గట్టిగా పాడి కప్పేస్తాం. ఇక్కడ ఎవరూ ఆయన్ని కప్పలేదు. వాళ్ళు వెనక్కి తగ్గి నిలబడ్డారు, ఆయన గొంతులో గరుకు మొత్తం వినపడుతుంది. రేడియో గారు గొంతు సన్నబడిందన్నది నిజం. దాన్ని దాచలేదన్నది కూడా నిజం.

గూడూరు_జంక్షన్
దాచకపోవడం గొప్పా? గొంతు లేనప్పుడు పాడకపోవడం కూడా ఒక మర్యాదే.

ట్రంకు_రోడ్డు_బాలు_ఫ్యాన్
గూడూరు బాబూ, నెల్లూరు వాళ్ళ ముందు ఆ మాట అనమాకు. మా బాలు గారు 70 దాటాక కూడా స్టేజీ ఎక్కి పాడారు. పై స్థాయి అందనప్పుడు ఇంకో దారిలో వెళ్ళి అదే భావం తెచ్చేవారు. గొంతు పాతదైతే పాట మానెయ్యాలంటే మనకి ఆ చివరి పదేళ్ళూ ఉండేవే కాదు.

గూడూరు_జంక్షన్
బాలు గారిని మధ్యలోకి తేవద్దన్నా, ఆయన గొంతు సంగతి వేరు, 70 దాటాక కూడా అందులో నిండు ఉంది. ఇక్కడ అసలు గాలి తప్ప గొంతు లేదు. నా బాధ అది.

నైట్‌డ్యూటీ_నెల్లూరు
నర్సుగా పనిచేస్తా, ఈ చర్చ డ్యూటీలో చదివా. రెండు సంగతులు. నాలుగో భాగం ‘యువర్ ఫర్‌గివ్‌నెస్’లో రెండు వందల కోట్ల గుండె చప్పుళ్ళు, అంతటితో ఆట ముగింపా, లేక మళ్ళీ మొదటికి వస్తుందా అని అడుగుతాడు. వృత్తి దోషం, వెంటనే లెక్క కట్టా. నిమిషానికి 70 అనుకుంటే ఏడాదికి 3.68 కోట్లు, రెండు వందల కోట్లు 54 ఏళ్ళకే అయిపోతాయి. ఈయన పాడేనాటికి సుమారు మూడు వందల కోట్లకి దగ్గర్లో ఉన్నట్టు. అంటే పాట లెక్క ప్రకారం ఎప్పుడో దాటేసి అదనంగా బతుకుతున్నాడు. మానిటర్ చప్పుడు రాత్రంతా వినే నాకు ఆ లైను వేరేగా తగిలింది.

రెండోది, ఈ ఆల్బం చేస్తుండగానే ఆయనకి ఎడమ చెవి వినికిడి ఉన్నట్టుండి బాగా పడిపోయింది, ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు. గొంతు గురించి మాట్లాడేవాళ్ళు అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక చెవితో తన గొంతు తనకి ఎలా వినపడుతుందో ఆలోచించండి.

కరవది_సన్నాయి
ఈ సంగతి నాకు బాగా తెలుసమ్మా. మా ఊరు సన్నాయి విద్వాంసుడు షేక్ చిన మౌలానా సాహెబ్ పుట్టిన ఊరు, సన్నాయి ఇక్కడ ఇంటింటి విద్య. మా నాన్నకి డోలు పక్కన నిలబడి వాయించీ వాయించీ ఆ పక్క చెవి పోయింది. మెల్లగా పోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదేమో. ఒక పెళ్ళిలో ముహూర్తం వేళకి శ్రుతి పెట్టె వినపడట్లేదని పక్కవాణ్ణి గద్దించాడు, అది మోగుతూనే ఉంది. ఆ తర్వాత ఆయన కూర్చునే పద్ధతి మారిపోయింది. మంచి చెవి శ్రుతి పెట్టె వైపు తిప్పి, మెడ కొంచెం వంచి, కళ్ళు మూసుకుని వాయించేవాడు. బిరుకాలు (వేగంగా తిరిగే స్వరాలు) తగ్గించేశాడు. పొడుగు స్వరాలు పెంచాడు. జనం ముసలాయనకి ఊపిరి తగ్గిందన్నారు. ఊపిరి కాదు, ప్రతి స్వరాన్నీ నిలబెట్టి సరిచూసుకుని గానీ వదిలేవాడు కాదు. నేను చెప్తున్నా, మా నాన్న మొత్తం వాయిద్యంలో నాకు ఆ చివరి కాలానిదే ఇష్టం.

సైమన్ ఈ ఆల్బంలో గిటారు మీద ఎక్కడెక్కడ ఆగుతున్నాడో విన్నప్పుడు నాకు అదే అనిపించింది. వేగం లేదు. తొందర లేదు. తీగ మోత పూర్తిగా ఆగేదాకా తరవాతి మాట ఎత్తడు చాలా చోట్ల. గూడూరు తమ్ముడు గాలి తప్ప గొంతు లేదన్నాడు, ఆ గాలిలోనే ఎన్ని తేడాలు చూపించాడో చెవి పెట్టి విను.

నైట్‌డ్యూటీ_నెల్లూరు
చర్చకి అడ్డం వస్తున్నా, కానీ చెప్పి తీరాలి. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టయితే జలుబు అనీ గుబిలి అనీ ఇంట్లో చుక్కలు వేసుకుంటూ కూర్చోవద్దు. ఆ రోజే, కుదరకపోతే మర్నాడు చెవి డాక్టరుకి చూపించాలి. నరం దెబ్బతిన్న కేసుల్లో స్టెరాయిడ్ మందు తొందరగా మొదలుపెడితేనే ఉపయోగం. రెండు వారాలు దాటితే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఆలస్యంగా వచ్చేవాళ్ళని చూసీ చూసీ చెప్తున్నా.

టంగుటూరు_హైవే
థాంక్స్ మేడం. మా అన్నకి సరిగ్గా ఇదే జరిగింది, మందుల షాపులో చుక్కలిచ్చి పంపారు. నెల తర్వాత డాక్టరు దగ్గరికి పోతే ముందే రావాల్సింది అన్నారు.

మూలాపేట_రేడియో
చెవి సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. సరే, అది తెలిశాక కూడా పాటగా నిలబడుతుందా అన్నదే నా ప్రశ్న. జాలి వేరు, ఇష్టం వేరు. కరవది గారి నాన్నగారి మాట చదివాక హెడ్‌ఫోన్స్‌తో మళ్ళీ విన్నా. గిటారు సంగతి దొరికింది, తిరిగి వచ్చినప్పుడల్లా గుర్తుపట్టా, ఆ మేరకు ఆనందం. ‘ద సేక్రెడ్ హార్ప్’ నిజంగా కదిలించింది. దారిలో లిఫ్టు అడిగిన తల్లినీ కొడుకునీ బండి ఎక్కించుకుంటారు, మాటల్లో దావీదు వాయించిన వాద్యం దాకా వెళ్తుంది. అందులో కథ ఉంది, మనుషులున్నారు. సైమన్ అంటే నాకు ఇదీ. కానీ ‘లవ్ ఈజ్ లైక్ ఎ బ్రెయిడ్’ ఇప్పటికీ పట్టుబడలేదు. అయినా భాగాలు విడిగా ఇచ్చి ఉండాల్సిందే. సేక్రెడ్ హార్ప్ ఒక్కటీ మా ఆవిడకి వినిపిద్దామంటే యాప్‌లో పాట నడిచే గీత మీద వేలు పెట్టి వెతుక్కోవాల్సి వచ్చింది.

కావలి_లైబ్రరీ
అలా వెతుక్కోకుండా ఉండాలనే కలిపాడన్నా 🙂 ఇంకో మాట. నమ్మకం ఉందా లేదా అని తనతో తాను పెట్టుకున్న వాదన ఇది అని ఆయనే చెప్పాడు. వాదన మధ్యలో నుంచి వింటే సగం తీర్పే వినపడుతుంది.

గూడూరు_జంక్షన్
‘ట్రెయిల్ ఆఫ్ వోల్కనోస్’ గురించి ఎవరూ మాట్లాడలేదేం? నాకు మొత్తంలో నచ్చిన భాగం అది ఒక్కటే. కుర్రవాడుగా గిటారు భుజాన వేసుకుని కూడళ్ళకీ సముద్రాల అవతలికీ వెళ్ళానంటాడు, ఇప్పుడు చూస్తే నిప్పుకొండల బాట కనపడుతోందంటాడు. చేసిన నష్టం ఎంత, దిద్దుకోడానికి మిగిలింది ఎంత అన్న బాధ. నాకు అక్కడ గ్రేస్‌ల్యాండే గుర్తొచ్చింది. 1985లో వర్ణవివక్ష వల్ల దక్షిణాఫ్రికా మీద ఐక్యరాజ్యసమితి సాంస్కృతిక బహిష్కరణ ఉండగా జోహాన్నెస్‌బర్గ్ వెళ్ళి అక్కడి నల్లజాతి వాద్యకారులతో రికార్డు చేశాడు, దాని మీద ఎంత గొడవ అయిందో మనకి తెలుసు. ఆ సంగతి ఆయన ఇక్కడ చెప్పలేదు, నేను అలా విన్నా, అంతే.

మూలాపేట_రేడియో
అందులో తప్పు ఏముంది? ఆ వాద్యకారులు ప్రపంచానికి తెలిసింది ఆ ఆల్బం వల్లే కదా. లేడీస్మిత్ బ్లాక్ మంబాజో అనే అక్కడి గాయక బృందం పేరు మనదాకా వచ్చింది అలాగే.

గూడూరు_జంక్షన్
రెండూ నిజమే అన్నా. మేలు జరిగింది, అక్కడి ఉద్యమం వాళ్ళ మాట కాదని వెళ్ళాడు కూడా. 81 ఏళ్ళకి వెనక్కి తిరిగి చూస్తే మేలు ఒక్కటే కనపడదు, అందుకే ఆ భాగం నాకు నమ్మబుద్ధయింది.

ట్రంకు_రోడ్డు_బాలు_ఫ్యాన్
ఇది వేరే థ్రెడ్ పెట్టి మాట్లాడుకోండయ్యా, రాత్రి తెల్లారిపోద్ది.

సోమశిల_గేట్లు
ఆల్టో అక్కా, ఒకటి అడుగుతా. కీర్తనల్లో దేవుడి మీద కోపం ఉంటుందా? పొగడ్తలేనా?

ఒంగోలు_ఆల్టో
పొగడ్తలకంటే ఏడుపులే ఎక్కువేమో తమ్ముడూ. 22వ కీర్తన మొదలే ‘నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి’ అని. ఎన్నాళ్ళిలా, ఎందుకు మొహం చాటేశావు అని దావీదు నిలదీస్తూనే ఉంటాడు. మా చర్చిలో 2021లో వరసగా సమాధి కార్యక్రమాలకి పాడాల్సి వచ్చినప్పుడు స్తుతి పాటలు నోరు తిరగలేదు మాకు. మాస్కు పెట్టుకుని గేటు బయట నిలబడి ఈ 22వ కీర్తనే చదివాం, పాట కూడా కాదు. అందుకే సైమన్ ఆ లైను పాడినప్పుడు ఉలిక్కిపడ్డా గానీ కోపం రాలేదు. నీకు వస్తే రానీ. కీర్తనల్లో దానికి చోటుంది.

సోమశిల_గేట్లు
సరే అక్కా. ఆ లైను దాటాక ఏముందో ఎప్పుడైనా వింటా. ఇప్పుడు కాదు.

కందుకూరు_వినరా
ఈయన్ని లైవ్‌లో చూసే అవకాశం ఇంక లేనట్టేనా? 2018లోనే ఆపేశాడన్నారు.

కావలి_లైబ్రరీ
మళ్ళీ మొదలుపెట్టాడు. 2025 ఏప్రిల్‌లో న్యూ ఆర్లియన్స్ నుంచి టూర్ ఎత్తాడు, పెద్ద స్టేడియాలు కాకుండా ధ్వని బాగుండే చిన్న హాళ్ళు చూసుకుని. మొదటి సగంలో ‘సెవెన్ సామ్స్’ మొత్తం ఆపకుండా, విరామం తర్వాత పాతవి. జనం మొదటి సగం చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారని విన్నా.

దర్గామిట్ట_స్పీకర్
టికెట్టు కొన్నాక ఎటూ పోలేరు కదా. సర్లే, ఇయర్‌ఫోన్స్ అరువు తెచ్చుకుని మళ్ళీ విన్నా. ఆవుల భాగం బాగుంది. చివరిది బాగుంది. మధ్యలో నిద్ర పట్టింది, నిజం చెప్తున్నా, కానీ హాయిగా పట్టింది.

కరవది_సన్నాయి
చివర్లో పిల్లలూ సిద్ధం కండి, ఇంటికి వచ్చే వేళయింది అని ఇద్దరూ కలిసి పాడి ఆమెన్ అంటారు చూడు, అక్కడ శ్రుతులు రెండూ ఎలా ఒకదాంట్లో ఒకటి దిగాయో గమనించావా? ఆమె పైన ఉండి ఆయన్ని మోయదు. పక్కనే నడుస్తుంది. ఒక చెవి పోయిన మనిషికి పక్కన పాడేవాళ్ళు అలా పాడాలి. మా నాన్న పక్కన రెండో సన్నాయి వాయించేటప్పుడు నాకు ఇది నేర్చుకోడానికే చాలా కాలం పట్టింది.

కందుకూరు_వినరా
నాకు ఈయన పాతవి వినాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు? ఈ ఆల్బం నచ్చినవాడికి నచ్చేవి చెప్పండి, గ్రేస్‌ల్యాండ్ అని అందరూ చెప్తారు కాబట్టి అది కాకుండా.

కావలి_లైబ్రరీ
1983 ‘హార్ట్స్ అండ్ బోన్స్’. అమ్ముడుపోలేదు అప్పట్లో, కానీ ఇలాంటి లోపలి మాటలు అందులోనే ఎక్కువ. తర్వాత 2011 ‘సో బ్యూటిఫుల్ ఆర్ సో వాట్’. దేవుడి గురించి అడగడం అక్కడే బాగా మొదలైంది. చచ్చి పైకి పోయినవాడు క్యూలో నిలబడి ఫారం నింపే పాట ఒకటుంది అందులో, మన ఆఫీసుల్లో తిరిగినవాడికి వెంటనే ఎక్కుతుంది. ఇంకో పాటలో మన దేశపు తాళవాద్యాలు కూడా వినపడతాయి.

కరవది_సన్నాయి
1990 బ్రెజిల్ డప్పులది కూడా చేర్చు. ఆ చప్పుడంతా విన్నాక ఇక్కడ డప్పులు ఎందుకు వద్దనుకున్నాడో తెలుస్తుంది.

గూడూరు_జంక్షన్
గార్ఫంకెల్ నుంచి విడిపోయాక 1972లో వచ్చిన మొదటి సోలో ఆల్బం. విడిపోయిన కొత్తల్లో గొంతు ఎట్టుందో అది కూడా తెలియాలి కదా.

మూలాపేట_రేడియో
వీళ్ళ మాట వినమాకు కందుకూరు బాబూ, గ్రేస్‌ల్యాండ్‌తోనే మొదలుపెట్టు. నా దగ్గర క్యాసెట్ ఇప్పటికీ ఉంది, ప్లేయర్ కూడా పనిచేస్తది. నెల్లూరు వస్తే చెప్పు.